ఈశ్వరరావు బ్యాగు బరువు

ఆక్లండ్ నగరంలోని మౌంట్ రాస్కిల్‌లో ఏజెంట్ విష్ణుని సొంత ఫ్లాట్ గుమ్మంలోనే కాల్చి చంపేశారు. అతని పార్ట్‌నర్ నిరుపమకి ఒళ్ళు మండిపోతోంది.

"ఒంటరిగా పంపొద్దని మొత్తుకున్నాను. విన్నారా సార్?"

చీఫ్ విజయకుమార్ తలెత్తలేదు. "విష్ణు దాచిపెట్టిన సాక్షి ఈశ్వరరావు బతికే ఉన్నారు. సౌత్ ఐలండ్ కరెంటు గ్రిడ్‌ని కూల్చాలని చూస్తున్న విదేశీ ముఠాని కళ్ళారా చూసింది ఆయనొక్కరే. ఆయన్ని అక్కడి ఇన్వర్‌కార్గిల్ కోర్టుకి ప్రాణాలతో చేర్చు. పెద్ద ఎయిర్‌పోర్టుల మీద వాళ్ళ నిఘా ఉంది. ప్రైవేట్ ప్లేన్‌లో వెళ్ళండి. పెళ్ళికెళ్తున్న ఫ్యామిలీ అని కవర్. ఉషశ్రీ కూడా వస్తుంది."

"ముఠాలో మన ఇన్‌ఫార్మర్ అంటున్నారే, ఆవిడా? విష్ణు అడ్రస్ ఆవిడకీ తెలుసు."

"ప్రూఫ్ ఉందా?"

లేదు. అందుకే నిరుపమకి మరీ మంట.

ఆక్లండ్ శివార్లలోని ఆర్డ్‌మోర్‌లో నాలుగు సీట్ల విమానం సిద్ధంగా ఉంది. చదువుకోవడానికి వచ్చి పైలట్‌గా సెటిలైన రవిచంద్ర దాని పక్కనే కాటా పెట్టాడు. అంత చిన్న విమానంలో మనిషినీ బ్యాగునీ తూచకుండా అతను ఎక్కనివ్వడు.

"అంకుల్, మీ బ్యాగ్ ఎంత?"

"ఐదు కిలోలుంటుంది బాబూ."

కాటా పదకొండు చూపించింది. ఈశ్వరరావు నసిగాడు. "రెండు ఆవకాయ జాడీలు... ఇన్వర్‌కార్గిల్ ఫ్రెండుకి."

"మనవాళ్ళతో ఎప్పుడూ ఇదే గొడవ! ఒక్కరు నిజం చెప్పి చావరు!" విసుక్కుంటూనే లోపల పెట్టాడు రవిచంద్ర.

పట్టుచీర, నల్ల కళ్ళద్దాల్లో మెరిసిపోతున్న ఉషశ్రీ కిలకిలా నవ్వింది. నార్త్ ఐలండ్ మీదుగా ఎగురుతున్నంతసేపూ ఆ నవ్వు నిరుపమ చెవుల్లో గింగురుమంటూనే ఉంది.

పెట్రోలు కోసం వెల్లింగ్టన్ దగ్గరి కాపిటి తీరంలో ఆగారు. అందరూ టీకి దిగితే ఉషశ్రీ మాత్రం చీర సర్దుకోవాలని విమానంలోనే ఉండిపోయింది. తర్వాత హడావిడిగా దిగింది.

"వెల్లింగ్టన్ ఆఫీసు నుంచి అర్జెంట్ కాల్. కారు వచ్చింది. మీరు వెళ్ళండి." ఈశ్వరరావు కాళ్ళకి దండం కూడా పెట్టింది.

"ట్యాంకు నిండింది, మనిషి తగ్గింది. మళ్ళీ తూచాలి," అంటూ రవిచంద్ర బ్యాగు కాటా మీద పెట్టాడు. పదమూడు. "అంకుల్! దార్లో కూడా కొన్నారా?"

"మా అమ్మాయి మీద ఒట్టు, ఏమీ కొనలేదు!"

"అందరూ ఇలాగే ఒట్లేస్తారు," అంటూ రవిచంద్ర బ్యాగు ఎత్తబోయాడు.

నిరుపమ అతని చెయ్యి పట్టుకుంది. తెలుగు అంకుల్ బ్యాగు బరువు పెరిగితే ఎవరికి అనుమానం వస్తుంది? జిప్ లాగింది. జాడీల పక్కన మూడో సీసా.

"గోంగూరా? నాకు పడదమ్మా! ఇది నాది కాదు!"

పచ్చడి అడుగున ఎర్ర లైటు మిణుకుమంటోంది.

నిరుపమ బ్యాగుతో పరిగెత్తింది. ఉషశ్రీ అప్పుడే కారెక్కుతోంది.

"ఉషశ్రీ గారూ, బరువెక్కువైందట. దీన్ని మీ కారులో తీసుకెళ్ళండి."

ఉషశ్రీ మొహంలో నెత్తురు చుక్క లేదు. "వద్దు! దూరంగా పెట్టు!"

నిరుపమ ఆమెను సీట్లోకి తోసి, బ్యాగు ఒళ్ళో పెట్టి, పక్కనే కూర్చుని తలుపు వేసింది. డ్రైవర్ దూకి పారిపోయాడు.

"నాకేం తొందర లేదు. విష్ణు అడ్రస్ ఇచ్చింది నువ్వేనా?"

"పిచ్చిదానా, ఇద్దరం పోతాం!"

"పోదాం. అడ్రస్?"

లైటు ఆగకుండా వెలగసాగింది. ఉషశ్రీ గొంతు చించుకుంది. "నేనే! నేనే ఇచ్చాను! మూత ఎడమకి తిప్పు!"

నిరుపమ తిప్పింది. లైటు ఆరిపోయింది. అప్పుడు లాగి చెంప మీద ఒక్కటిచ్చింది. "ఇది విష్ణు కోసం." తర్వాత బేడీలు గట్టిగా బిగించింది.

లోకల్ పోలీసులు ఉషశ్రీనీ, సీసానీ తీసుకెళ్ళారు. రవిచంద్ర బ్యాగు మళ్ళీ తూచాడు. పదకొండు.

ఈశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "బాబూ, ఆ అమ్మాయి సీటు ఖాళీయేగా? షాపులో మంచి తేనె ఉంది... అరకిలో ఉంటుందంతే."