డ్రాగన్ పళ్ళు

మనిషిని కుర్చీలో వెనక్కి పడుకోబెట్టి, నోట్లో అద్దమూ గొట్టమూ దూదీ కుక్కి, ఆ తర్వాత తిట్టడం ఏం న్యాయమో అతనికి అర్థం కాలేదు. పైగా ఆ తిట్లు అతనికేనని డాక్టరమ్మకి తెలియనే తెలియదు.

"నిన్న ఆ డ్రాగన్ సినిమా చూశానండీ," అంది ఆమె, మాస్కు పైనుంచి కళ్ళెర్రజేసి. "ఆ నవల ఎప్పుడు సినిమాగా వస్తుందా అని పదిహేడేళ్ళు ఎదురుచూశాను. వచ్చింది. రాకపోయినా బావుండేది. మీరు చూశారా?"

"ఆఁ," అన్నాడతను. నోరు అలా తెరిచిపెట్టాక ఎవరికైనా మిగిలేది ఆ ఒక్క అక్షరమే.

"డ్రాగన్ పళ్ళు చూశారా? మూడు వందల ఏళ్ళుగా ఎముకలు నమిలే జంతువు. దానికి పేస్టు ప్రకటనలో పిల్లలా తెల్లటి పలువరసా? అరుగుదల లేదు, గార లేదు. చేసినవాడెవడో గానీ నా చేతికి చిక్కాలి, మత్తు కూడా ఇవ్వకుండా వాడి పళ్ళు పీకేస్తాను."

చేసినవాడు చిక్కే ఉన్నాడు. గ్రాఫిక్స్ స్టూడియోలో పద్నాలుగు నెలలు కంప్యూటరు ముందు కూర్చుని ఆ పళ్ళు చేసింది అతనే.

"ఉలిక్కిపడకండి. నొప్పా?"

"ఊహూఁ."

"అసలు ఎనిమిదో అధ్యాయం ఏదండీ? ముసలమ్మ నిచ్చెన వేసుకుని డ్రాగన్ నోట్లోకి ఎక్కుతుంది. పళ్ళు తోముతూ, అది చేసిన పాడు పనులన్నీ ఏకరువు పెట్టి తిడుతుంది. నోరు తెరుచుకుని ఉంది కదా, వినక ఏం చేస్తుంది? పదేళ్ళప్పుడు చదివాను. అప్పటిదాకా కుక్క ఆవులించినా ఏడ్చేదాన్ని. ఆ ముసలమ్మని చూసే ఈ చదువు చదివాను. ఆమెనే ఎత్తేశారు. ఆ చోట పాట పెట్టారు."

అంత కోపంలోనూ అతని దవడ కింద ఆనించిన వేళ్ళు మెత్తగానే ఉన్నాయి. తన పళ్ళు పీకేస్తానంటున్న మనిషి మీద మనసు పారేసుకోవడం తెలివితక్కువ పనే. తెలిసే పారేసుకున్నాడు.

బయట కౌంటర్లో డాక్టరమ్మ పిన్ని రిజిస్టరు తెరిచింది. "పన్ను ఎలా పగిలిందని రాయను బాబూ?"

"నిద్రలో పళ్ళు కొరుకుతానండీ."

"ఎవరి మీద అంత కోపం?"

అతను ఫీజు కట్టి మెట్లు దిగాడు. వచ్చే వారం క్యాప్ వేయించుకుని నోరు మూసుకుని వెళ్ళిపోతే డాక్టరమ్మకి ఎప్పటికీ తెలియదు. కానీ నోరు మూసుకోవడం వల్లే ఇంతదాకా వచ్చిందని అతనికి తెలుసు.

వారం తర్వాత లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చాడు. మత్తు సూది దిగాక కూడా వెనక్కి వాలలేదు.

"డాక్టరుగారూ, నోరు నా స్వాధీనంలో ఉండగానే చెప్పేస్తాను. ఆ పళ్ళు నేనే చేశాను."

"ఏ పళ్ళు?"

"మీరు తిట్టిపోసినవి. డ్రాగన్‌వి."

ఆమె మాస్కు కిందికి లాగింది. "పోయిన వారం ఇంత తిడుతుంటే ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"చెప్పబోయానండీ. మీకు 'ఆఁ' అని వినిపించి ఉంటుంది."

ఆమె నవ్వలేదు. అతను లాప్‌టాప్ తెరిచాడు. పసుపు పచ్చటి పళ్ళు, విరిగిన కోర, గార కట్టిన చిగుళ్ళు. కింది దవడకి ఆనించి ఒక చిన్న నిచ్చెన.

"మొదట చేసింది ఇదీ. ముసలమ్మకి టికెట్లు తెగవన్నారు నిర్మాత. పళ్ళు తెల్లగా ఉండాలన్నారు. తోమేవాళ్ళే లేకుండా ఎలా తెల్లబడతాయండీ అని అడిగాను. ఇష్టం లేకపోతే వెళ్ళిపొమ్మన్నారు. వెళ్ళలేదు, తెల్లగా చేసిచ్చాను. ఈ పన్ను పగిలింది ఆ నెలలోనే."

"తోమేవాళ్ళే లేకుండా," అని ఆమె ఆ మాట మళ్ళీ అనుకుంది. "నిజంగా అడిగారా?"

"అడిగాను. ఇంకా గట్టిగా అడగాల్సింది."

"అవును, అడగాల్సింది," అంది ఆమె, ఏ మాత్రం కనికరం లేకుండా. కానీ స్టూలు దగ్గరికి లాక్కుని, అలవాటు కొద్దీ తల మీది దీపాన్ని స్క్రీను వైపు తిప్పింది. చాలాసేపు చూసింది.

"కింద, కుడివైపు చివరి పన్ను. ప్రతిసారీ నిచ్చెన అక్కడే ఆనుతుంది. అరుగుదల ఏది?"

అతను వంగి చూశాడు. పద్నాలుగు నెలల్లో స్టూడియోలో ఒక్కరికీ తట్టలేదు.

"తప్పేనండీ."

"మరి దిద్దరా?"

"సినిమా అయిపోయింది కదా."

"సినిమా సంగతి ఎవరడిగారు? ముసలమ్మ ఎక్కడం నేను చూడాలి."

"ఒక్కడి వల్ల కాదు. పళ్ళ గురించి తెలిసినవాళ్ళు పక్కన కూర్చోవాలి."

"తిడతాను."

"తెలుసు. నోరు తెరుచుకునే కూర్చుంటాను."

ఈసారి ఆమె నవ్వింది. గబుక్కున మాస్కు పైకి లాక్కుంది గానీ, అతను చూడనే చూశాడు.

క్యాప్ వేశాక కౌంటర్లో పిన్ని అంది, "ఇక రానక్కర్లేదు బాబూ."

"ఆదివారం రమ్మని రాయి పిన్నీ," అని లోపలినుంచి వినిపించింది.

"ఆదివారం సెలవు కదే. పన్ను అయిపోయిందిగా?"

"ఆయనది కాదు. డ్రాగన్‌ది."

పిన్ని కళ్ళద్దాల మీదుగా అతన్ని చూసింది, లోపలి తలుపు వైపు చూసింది, మళ్ళీ అతన్ని చూసింది. రిజిస్టర్లో తాపీగా "డ్రాగన్, మొదటి సిట్టింగు" అని రాసుకుంది.

"డ్రాగన్‌కి పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారా బాబూ? ఉంటే వాళ్ళనీ వెంటబెట్టుకు రా."

"అమ్మ ఉందండీ," అన్నాడతను, మొద్దుబారిన మూతితోనే.