లక్ష్మక్క గ్యాసు ఎటు పోయింది?

సిరోంచ బస్టాండు దగ్గర, జిరాక్స్ షాపు మీది గదిలో ప్రైవేటు డిటెక్టివ్ జ్యోత్స్న చాయ్ కప్పు నోటిదాకా తెచ్చిందో లేదో, లక్ష్మక్క రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది.

"మేడం, మా గ్యాసును ఎవలో ఎత్తుకపోతుండ్రు! రేపు గడ్చిరోలి నుంచి సార్లొస్తుండ్రు. పొయ్యి ముట్టకపోతే ఇగ నా ఇజ్జత్ పోయినట్టే."

సహాయకుడు రాజ్‌కుమార్ ఆమెకు కుర్చీ జరిపాడు. కోళ్ల ఫారం పెంటతో గ్యాసు తయారుచేసి, తన వాడలోని వంటిళ్లకు పైపులు వేసిన లక్ష్మక్కను ఎరగనివాళ్లు ఊళ్లో లేరు. రేపు వచ్చే అధికారులకు నచ్చితే జింగనూర్‌లోని గిరిజన పిల్లల ఆశ్రమశాల వంటశాలకూ అలాంటిదే కట్టిస్తారు.

"ఎవరి మీదైనా అనుమానమా అక్కా?" జ్యోత్స్న అడిగింది.

"ఇంకెవలు, కట్టెల కిష్టన్న! నా గ్యాసు వచ్చినంక ఆయన కట్టెలు కొనేటోళ్లు తగ్గిండ్రు. 'నీ పొయ్యి ఎన్నాళ్లు మండుతదో చూస్త' అని నలుగుర్ల అన్నడు."

"గ్యాసు ఎప్పుడు పోతోంది?"

"మొన్న గాలివాన రాత్రి ఒకసారి. మళ్ల నిన్న రాత్రి. పొద్దుగూకంగ సంచి నిండుగ ఉంటది, తెల్లారేసరికి చప్పబడి ఉంటది."

నిన్న రాత్రి రాజ్‌కుమార్‌కు బాగా గుర్తుంది. ఊరంతా కరెంటు పోయి, దోమలు అతన్ని పీక్కుతిన్నాయి. చీకటి దొంగకు బాగా కలిసొచ్చిందనుకున్నాడు.

ముగ్గురూ ప్రాణహిత ఒడ్డున ఉన్న పోచన్న కోళ్ల ఫారానికి వెళ్లారు. పెంట ఇచ్చేది అతనే. ఫారం గోడను ఆనుకునే గ్యాసు తొట్టి, దాని పక్కన గ్యాసు నిలవ ఉండే పెద్ద రబ్బరు సంచి ఉన్నాయి. జ్యోత్స్న సంచికీ, వాడలోకి వెళ్లే పైపుకీ సబ్బునీళ్లు పూయించింది. ఎక్కడా బుడగ లేవలేదు. ముక్కు ఎగబీల్చి చూసింది. గ్యాసు కారితే వచ్చే కుళ్లిన గుడ్ల వాసన కూడా లేదు.

రోడ్డు అవతల కట్టెల మోపులు సర్దుతున్న కిష్టన్న, జ్యోత్స్న అడగగానే మండిపడ్డాడు. "ఆ మాట నేనే అన్న మేడం, కాదంటలేను. కోపంల అన్నంత మాత్రాన దొంగనైతనా? నిన్న రాత్రి నేను నాగేపల్లిల, మా అల్లుడింట్ల ఉన్న."

అల్లుడి పేరు చెప్పగానే నమ్మాలా అని రాజ్‌కుమార్ లోలోపల గొణుక్కున్నాడు.

పోచన్న మాత్రం నవ్వుతూ ఎదురొచ్చాడు. పిల్లల షెడ్డులో ఊక మీద పసుపు బంతుల్లాంటి కోడిపిల్లలు కిచకిచమని ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"మీ ఇంటికి గ్యాసు పైపు లేదేం అన్నా?" జ్యోత్స్న అడిగింది.

"కోడిపెంట మీద వండిన కూడు నేను తిననమ్మా! మా ఇంట్ల కట్టెల పొయ్యే."

"రాత్రి కరెంటు పోతే, చలికి కోడిపిల్లలు తట్టుకున్నాయా?"

"జనరేటర్ ఉన్నది కద, రాత్రంత నడిచింది."

జనరేటర్ మీద ఒక నాటుకోడి గడ్డి పరుచుకుని తీరిగ్గా పొదుగుతోంది. రాజ్‌కుమార్ దాన్ని చూసి ముచ్చటపడ్డాడు. తరవాత గోడవారన ఉన్న పెంటకుప్ప వైపు నడిచాడు. కుప్పను ఒక పక్కనుంచే తోడుతున్నారు. రెండో మూల ఎండి పెచ్చు కట్టింది.

"ఆ మూలకు పోకు తమ్మీ, పాముంది!" పోచన్న కేకేశాడు.

రాజ్‌కుమార్ ఒక్క గంతులో వెనక్కి వచ్చాడు. జ్యోత్స్న నవ్వి, అందర్నీ షెడ్డు ముందుకు పిలిపించింది. కిష్టన్న వచ్చాడు, వంటింట్లోంచి పోచన్న భార్య యాదక్క పొగకు ఎర్రబడ్డ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"గ్యాసు కారిపోతే వాసన రావాలి, రాలేదు. అంటే ఎక్కడో మండింది," అని మొదలుపెట్టింది జ్యోత్స్న. "పోయింది ఎప్పుడు? గాలివాన రాత్రి, నిన్న రాత్రి. రెండుసార్లూ ఊళ్లో కరెంటు లేదు. కరెంటు లేకపోతే వేడి ఎవరికి కావాలి? కిష్టన్నకు కాదు, ఈ కోడిపిల్లలకు. జనరేటర్ నడిచిందన్నారు. నడిస్తే, ఆ కోడి దాని మీద గుడ్లు పొదిగేదా?"

ఆమె పార తీసుకుని పెచ్చు కట్టిన మూలను తవ్వింది. పాము లేదు. సంచి అడుగు నుంచి గోడ కింద షెడ్డులోకి దూరిన నల్లటి పైపు ఉంది. లోపల బస్తాల చాటున దాని కొసకు బర్నరు.

రాజ్‌కుమార్ నోరు తెరిచాడు. అన్నీ తనూ చూసినవే!

పోచన్న తల వంచుకున్నాడు. "పోయిన చలికాలం కరెంటు పోయి పిల్లలన్ని సచ్చినయ్. జనరేటరేమో ఖరాబైంది. ఈ గ్యాసును అందరి ముంగట ఎక్కిరించినోన్ని, ఏ మొకం పెట్టుకొని అడుగుదు?"

"అడగకపోవడం సరే అన్నా, ఇంత ఊక మీద దొంగ పైపా?" జ్యోత్స్న గొంతు కటువైంది. "ఒక్క రవ్వ పడితే పిల్లలూ, షెడ్డూ, మీరూ మిగిలేవారు కాదు."

ఇంతలో యాదక్క కొంగు బిగించింది. "ఓహో! కోడిపిల్లలకు గ్యాసు, నాకేమో ఊదుగొట్టమా? నా వంటింటికి పైపొచ్చేదాక నీకు బువ్వ లేదు!"

కిష్టన్నే ముందు పకపకా నవ్వాడు. లక్ష్మక్క అతని చెయ్యి పట్టుకుని, "తప్పైంది అన్నా, ఊకెనే నీ మీద పడ్డ," అంది. మెకానిక్కును పిలిపించి, దొంగ పైపు పీకించి, పొద్దుగూకేలోగా షెడ్డుకూ యాదక్క వంటింటికీ గట్టి పైపులు వేయించింది.

మర్నాడు అధికారులు వచ్చారు. పొయ్యిలు నీలంగా మండాయి, యాదక్క చాయ్ పెట్టింది. ఆశ్రమశాలకు తప్పకుండా కట్టిద్దామని పెద్దసారు మాటిచ్చాడు. వెళ్తూ వెళ్తూ పిల్లల షెడ్డులో వెచ్చగా వెలుగుతున్న బర్నరు దగ్గర ఆగాడు.

"భలే ఉందే! కోడిపెంటతో కోడిపిల్లలకే వేడి. ఈ ఆలోచన ఎవరిది?"

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పోచన్న మాత్రం జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు.

"నాదే సార్!"