మంచం కింద రెండు కొత్త స్క్రూలు

నర్సు తన పాస్‌పోర్టు కోసం బీరువా మూడోసారి తిరగేసేసరికి తొమ్మిదిన్నరైంది. వీధిలో కారు హారన్ మోగుతోంది. పదింటికి బయలుదేరకపోతే విమానం అందదు. విమానం అందకపోతే, పరాయి దేశపు ఆసుపత్రిలో ఆమెకోసం ఉంచిన ఉద్యోగం ఇంకొకరిదవుతుంది.

ఉన్నవి రెండు గదులు. చీరలన్నీ నేలమీదున్నాయి. పిండి డబ్బా కూడా బోర్లించారు.

"నిన్న ఇక్కడే ఉంది. నేను చూశాను. కాళ్లొచ్చి నడిచిపోయిందా?" అన్నాడు ఆమె భర్త, వడ్రంగి. పొద్దుటి నుంచీ అందరికంటే ఎక్కువ అరుస్తున్నది అతనే. అతని చూపు తన తల్లి మీదికి తిరిగింది.

"నా వంక చూస్తావేంట్రా?"

"ఈ ప్రయాణం నీకు మొదటినుంచీ ఇష్టం లేదు కదమ్మా."

"లేదు. అది నోటితో చెప్పాను, చేతులతో కాదు."

ఆ పెద్దావిడ ఒకప్పుడు వేరే దేశంలో ఇంటిపనికి వెళ్లింది. యజమాని ఆమె పాస్‌పోర్టు సొరుగులో పెట్టి తాళం వేసుకుంటే, ఆరేళ్లు కదలలేకపోయింది.

నర్సు బీరువాకి ఆనుకుని నిలబడింది. వెళ్తే, రెండేళ్లదాకా కూతుర్ని ముట్టుకోవడం కుదరదు. ఉంటే, రెడీమేడ్ ఫర్నిచర్ దెబ్బకి మూతపడ్డ భర్త షాపు, వచ్చే నెల మూసేస్తున్న తన వార్డు. ఎటు తిరిగినా గోడే.

"ఎవరు దాచారమ్మా?" మంచం మీంచి ఆరేళ్ల కూతురు అడిగింది, ఇది నాలుగోసారి.

"దొరికితే చెబుతాలే. దిగు, పరుపు కింద చూడాలి."

"నాన్న దిగొద్దన్నాడు. మంచం కింద మేకులు పడ్డాయట."

నర్సు భర్త వైపు తిరిగింది. అతను కిటికీలోంచి కారుని చూస్తున్నాడు.

"నేనే తీశాను," అంది అత్తగారు గబుక్కున. "ఏమంటావో నన్ను అను."

"ఎక్కడ పెట్టారు అత్తయ్యా?"

అత్తగారు కొడుకు వంక చూసింది. నర్సు వంగి మంచం కిందికి దూరింది. అది భర్త కూతురికోసం చేసిన మంచం. అడుగుచెక్కకి తుప్పుపట్టిన స్క్రూల మధ్య రెండు కొత్తవి మెరుస్తున్నాయి. కింద గుప్పెడు రంపపు పొట్టు.

"మీరెప్పుడైనా స్క్రూడ్రైవర్ పట్టుకున్నారా? బల్బు మార్చాలన్నా కొడుకుని కేకేస్తారే."

పెద్దావిడ తల దించుకుంది. నర్సు పనిముట్ల పెట్టె తెచ్చి తనే స్క్రూలు విప్పింది. చెక్క జారి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన పాస్‌పోర్టు ఆమె చేతిలో పడింది.

వడ్రంగి గోడవార కూలబడ్డాడు.

"అమ్మ తిరిగొచ్చిన రోజు నన్ను ఎత్తుకోబోతే, 'ఆంటీ, మా అమ్మేది?' అన్నాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు."

"ఆ తర్వాత మళ్లీ వెళ్లిపోతానని నా చెప్పులు మంచం కింద దాచేవాడు," అంది తల్లి. "ఏడాదిపాటు రోజూ వెతుక్కున్నాను. ఇవాళ పాస్‌పోర్టు పోయిందనగానే వీడి పనేనని తెలిసిపోయింది."

"మూడు నెలలుగా వెళ్లు వెళ్లు అని నా ప్రాణం తీసింది మీరే కదండీ," అంది నర్సు.

"షాపు మూసుకుని కూర్చున్నవాణ్ణి. వద్దనే ముఖం నాకెక్కడుంది?"

ఆమె అతని పక్కనే కూర్చుని, భుజం మీద తల ఆనించింది. చాలాసేపటికి గానీ లేవలేదు. అప్పటికి పదికి ఐదు నిమిషాలుంది.

"మేడమ్, వస్తున్నారా, వెళ్లిపోనా?" డ్రైవర్ గుమ్మంలోకి వచ్చాడు.

వడ్రంగి కళ్లు తుడుచుకుని లేచాడు. ఆమె ప్రయాణపు పెట్టె తనే ఎత్తి డ్రైవర్‌కి అందించాడు. "వస్తోంది. రెండు నిమిషాలాగు."

నర్సు ఒక కాలు చెప్పులో పెట్టి ఆగిపోయింది. మంచం మీద పిల్ల నానమ్మని వింతగా చూస్తోంది.

"నానమ్మ దొంగా?"

"దానికి జవాబు చెప్పండి," అంది నర్సు భర్తతో. "ఇది తేలకుండా నేను గడప దాటను."

అతను కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నానమ్మ కాదు బంగారం. అమ్మ వెళ్లిపోతుందని భయపడి దాచింది నేను. మీ నాన్న."