జత తప్పిన కత్తి

ఆ సందు చివర మూతపడ్డ క్షౌరం కొట్టు ముందు కుక్క కూడా కాలెత్తేది కాదు. దాని నీడ పడితే పాలు విరిగిపోయేవి. దానివైపు తిరిగి తుమ్మినవాడికి ఆర్నెల్లు ముక్కు తెరుచుకునేది కాదు. ఇందులో కొంత నమ్మకపోయినా పరవాలేదు గానీ, చీకటి పడ్డాక లోపల్నించి తోలుపట్టీ మీద కత్తి నూరే చప్పుడు — టప్... టప్... — మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం. విన్నవాళ్ళందరికీ అక్కడికక్కడే జుట్టు నెరిసింది. ఒక్క బట్టతలాయన మాత్రం, నెరవడానికి ఏమీ లేక బతికిపోయాడు.

ఆ కొట్టు గురువుది. ఊళ్ళో గెడ్డాలు గీసేవాళ్ళందరూ ఆయన దగ్గరే చెయ్యి తిప్పడం నేర్చుకున్నారు. ఒక పొద్దున తన కుర్చీలోనే పోయి కనిపించాడు. ఆయన ప్రాణంలా చూసుకునే కత్తి మాత్రం కనిపించలేదు.

ఆ కత్తి ఇప్పుడు రవ్వ దగ్గరుంది. గొడవంతా అక్కడే.

రవ్వ అంటే నిప్పురవ్వే. తండ్రి పోయాక ఆయన కుర్చీ, అద్దం, కత్తి తనవే అనుకుని కొట్టు నడుపుకుంటున్న పిల్ల. ఆ కత్తి సంగతా... వెంట్రుక దాన్ని చూసి తనే రెండయ్యేది. ఉక్కు అలుగుని గోటితో మీటితే ఖంగుమని మోగేది. ఆ మోత ఒక నెత్తి నున్నగా గొరగడం అయ్యేదాకా ఆగేది కాదు. పిడి నల్లటి కొమ్ము. చేసినవాడు కొట్టిన గుర్తు మాత్రం ఎవరి బొటనవేలి కిందో అరిగిపోయింది.

ఎవరి వేలది? ఎవరి చేతిలోంచి నాన్న చేతికొచ్చింది? అడిగితే ముసలివాళ్ళంతా దగ్గు తెచ్చుకునేవాళ్ళు.

నోరు విప్పినవాడు ఎదురుకొట్టు బాబాయ్ ఒక్కడే. తండ్రితోపాటే గురువు దగ్గర పని నేర్చినవాడు. మొహానికీ మాటకీ నురగ ఎక్కువ పెడతాడని అందరూ నురగ బాబాయ్ అనేవాళ్ళు.

"ఎక్కడిదంటావేమే? శవం చేతిలోంచి లాక్కొచ్చాడు మీ నాన్న!" అన్నాడు బజారంతా వినేట్టు. "దాని కింద పీక పెట్టేవాడు ముందు వీలునామా రాసుకోవాలి."

అంతే. రవ్వ కుర్చీలో పిల్లి పడుకోవడం మొదలైంది. వచ్చేవాళ్ళంతా ఎదురుకొట్టుకే. దొంగ కూతురి చేతికి గెడ్డం ఎవరిస్తారు?

"నోరు కడుక్కో బాబాయ్! నువ్వు గీసిన గెడ్డం కన్నా మేక మేసిన గట్టు నున్నగా ఉంటుంది. మా నాన్న దొంగ కాదు."

"కాకపోతే ఈ రాత్రి ఆ కత్తి పట్టుకుని గురువు కొట్లో కూర్చో. ఆయన నిన్ను కత్తితో బయటికి రానిస్తే, నలుగురి ముందూ చెంపలేసుకుంటా."

"చెంపలు సిద్ధం చేసుకో," అంది రవ్వ.

చీకటి పడ్డాక పనిముట్ల పొది చంకన పెట్టుకుని బయల్దేరింది. తలుపు తోస్తే ముసలి ఎద్దులా మూలిగింది. అద్దం మీద వేలెడు దుమ్ము. మధ్యన కుర్చీ — వీపు ఇటు తిప్పి. గోడకి వేలాడుతూ తోలుపట్టీ. రవ్వ కొవ్వొత్తి వెలిగించింది. ఆమె గుండె చప్పుడు పక్కూరికి వినిపించే ఉంటుంది.

గాలి లేదు. అయినా కొవ్వొత్తి ఆరింది.

టప్... టప్...

ఆగింది. కుర్చీ కిర్రుమంది. ఎవరో కూర్చున్నారు.

"నా కత్తి... తెచ్చావా?"

రవ్వ కాళ్ళు పారిపోదామన్నాయి. బుర్ర మాత్రం ఆగమంది. ఈ రాత్రి తను హడలి పరిగెడితే బాగుపడేదెవరు? ఇంకెవరు, నురగే! ఆ కుర్చీలో కూర్చుందీ అతనే!

భయం దిగి కోపం ఎక్కింది.

"తెచ్చాను గురువుగారూ," అంది ఎక్కడలేని వినయంతో. "గెడ్డం మాసినట్టుంది. గీసి ఇవ్వనా?"

తల వెనక్కి వాలిన చప్పుడు.

పొది విప్పింది. బ్రష్షు తడిపింది. చీకట్లో వేళ్ళే కళ్ళు. చెంప తగిలింది — కుండలో నీళ్ళంత చల్లగా. చెమటలు పట్టి ఛస్తున్నాడు, అనుకుంది. నురగ పట్టించి ఒక చెంప గీసింది. వెన్న మీద నడిచినట్టు నడిచింది కత్తి. నడిచి నడిచి, పీక మీద ఆగింది.

"ఇప్పుడు చెప్పు. కత్తి ఎక్కడిది?"

"వెంట్రుక లాగడం లేదు..." అంది గుసగుస. "మీ నాన్న చెయ్యే."

"పొగడ్తలు తర్వాత. ఎక్కడిది?"

"జతగా చేయించాను... ఒకే కమ్మరి, ఒకే ఉక్కు. ఒకటి పనిచేస్తుంటే ఒకటి పడుకోవాలి. కత్తికీ అలసట ఉంటుంది... పని వచ్చాక శిష్యులిద్దరికీ చెరొకటీ ఇచ్చాను. ఇది మీ నాన్నకి. నా చేత్తోనే."

ఇంకా గురువు వేషమే! అయితేనేం, నిజం రాలుతోంది. రవ్వ కత్తి కదపలేదు.

"రెండోది?"

"నురగ గాడికి... రాతి మీద నూరే ఓపిక లేదు వాడికి. కూరగాయల కత్తిలా చక్రపు సానకి పెట్టాడు, చాటుగా. రాపిడికి ఉక్కు కాలిపోయింది. పదును నిలవదు... మోగదు..."

"అదా నీ ఏడుపు!" రవ్వ కత్తి మడిచింది. "రెండో చెంప గీయను. రేపు బజారంతా చూడాలి, సగం గెడ్డం దెయ్యాన్ని."

తలెత్తుకుని బయటికొచ్చింది.

తెల్లారేసరికి ఎదురుకొట్టు గుమ్మంలో నిలబడింది. నురగ బాబాయ్ చెంపలు కప్పి మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నాడు.

"ఏం బాబాయ్, చెంపలు దాచావే?"

"పన్ను నొప్పే. రాత్రంతా మంచం దిగితే ఒట్టు."

"అలాగా! గురువుగారు జతలో రెండో కత్తి తియ్యమన్నారు. చక్రానికి పెట్టి చంపావే, అది."

అతని మొహం సున్నమైపోయింది. జనం మూగారు. సబ్బు రాయించుకున్నవాడు సైతం సగం నురగతో లేచొచ్చాడు.

"తియ్యవయ్యా!" అన్నారెవరో.

సొరుగు అడుగునించి వచ్చింది — అదే కొమ్ము పిడి, అదే అలుగు. రవ్వ తన కత్తి మీటింది. ఖంగ్! బజారు చివరిదాకా వెళ్ళింది మోత. అతనిది మీటింది. గుమ్మడికాయ మీద మొట్టినట్టు — తుప్.

"గురువే ఇచ్చాడు... ఇద్దరికీ," అన్నాడు నురగ తల దించుకుని. "మీ నాన్నది మోగుతుంటే నాకు నిద్ర పట్టేది కాదు." మఫ్లర్ మీదే చెంపలేసుకోబోయాడు.

"అది తీసి వేసుకో!" రవ్వ మఫ్లర్ లాగేసింది.

ఒక చెంప బంతిలా వాచి ఉంది. రెండు చెంపల మీదా — వారం నాటి గెడ్డం. ఒక్క వెంట్రుక కూడా తెగలేదు.

నురగ బాబాయ్ ఆమె మణికట్టు పట్టుకుని దగ్గరికి లాగాడు.

"చక్రం సంగతి... ఒక్క గురువుకే చెప్పుకుని ఏడ్చాను. ఆయన పోయిన రాత్రి. నీకెవరు చెప్పారే?"

రవ్వ చూపు సందు చివరి కొట్టు వైపు తిరిగింది.

ఆ రోజు ఆమె కొట్లో గెడ్డాలు తిరునాళ్ళలా తోసుకున్నాయి. పిల్లికి పడుకునే చోటే లేదు. చివరివాడు లేచి వెళ్ళేసరికి చీకటి పడింది. రవ్వ కత్తి తుడిచి, దీపం తగ్గించి, తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

వెనకాల ఖాళీ కుర్చీ కిర్రుమని... నెమ్మదిగా వాలింది.

"అమ్మాయీ... రెండో చెంప?"