ముప్పై తొమ్మిదో గడి

నాలుగో అంతస్తులో కిటికీ పక్క సీటు అతనిది. పద్నాలుగేళ్లుగా అదే సీటు, అదే కుర్చీ, వెనక్కి వాలితే అదే కిర్రుమనే చప్పుడు. ఒకప్పుడు అక్కడ నూటయాభై మంది కూర్చుని పనిచేసేవారు. మాంద్యం వచ్చిందని పైవాళ్లు ప్రకటించాక విడతలు విడతలుగా ఊడ్చేయగా ఇప్పుడు పదకొండు మంది మిగిలారు. పోయినవాళ్ల కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి. వాళ్ల మెడల్లో వేలాడిన కార్డుల తాళ్లన్నీ తలుపు పక్కన ఒక అట్టపెట్టెలో చిక్కులు పడి ఉన్నాయి.

అతన్ని వెనకాల అందరూ సరేసార్ అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆదివారం రమ్మంటే సరే సార్. వచ్చిన ఆదివారానికి బదులు సెలవు ఇవ్వలేమంటే సరే సార్. జీతంలో మూడో వంతు కోసేసిన రోజున మిగతావాళ్లు క్యాంటీన్‌లో చేరి నోరారా తిట్టుకుంటుంటే, ఇతగాడు మాత్రం సీట్లోంచి కదలకుండా, ఇంత కష్టకాలంలోనూ తనను ఉంచుకున్నందుకు కృతజ్ఞతలంటూ పైవాళ్లకు మెయిల్ రాశాడు. అచ్చుతప్పులు రెండుసార్లు చూసుకుని మరీ పంపాడు.

ఇంట్లో కోత సంగతి చెప్పే ధైర్యం లేకపోయింది. అతని భార్య ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది, ఎనిమిదికి గానీ ఇల్లు చేరదు. ఎనిమిదేళ్ల కూతురు చిట్టిని సాయంత్రాలు చూసుకోవడానికి ఒక ఆయా ఉండేది. 'చిట్టి పెద్దదైపోయింది, ఇంకా ఆయా ఏంటి' అని భార్యకు నచ్చజెప్పి మాన్పించేశాడు. అప్పట్నుంచి పిల్ల స్కూలు నుంచి వచ్చి, తన దగ్గరున్న తాళంచెవితో ఇంట్లోకి వెళ్లి, పడగ్గదిలో దూరి గొళ్లెం పెట్టుకుంటోంది. తండ్రి వచ్చి ఆ గది తలుపు రెండుసార్లు కొట్టి, ఒక ఊపిరి ఆగి, మళ్లీ ఒక్కసారి కొట్టాలి. అప్పుడే తీస్తుంది. గొంతు విని తీయదు. ఈమధ్య ఎవరి గొంతునైనా మిషన్లు అచ్చు దింపేస్తున్నాయని స్కూల్లో చెప్పారట. తల్లికి కూడా తెలియని గుర్తు అది. ఆ ఇంట్లో అతను తన బుర్రతో చేసిన మంచి పని అదొక్కటే, అది కూడా పిల్ల బుర్రలోంచి పుట్టిందే.

ఒకరోజు చిరునవ్వు మేడమ్ అతన్ని అద్దాల గదిలోకి పిలిచింది. మనుషుల్ని పంపించేసే పని ఆవిడది. పంపేటప్పుడు నవ్వుతుంది కాబట్టి ఆ పేరు.

"మీ ఉద్యోగానికి ఏ ఢోకా లేదు సార్. చిన్న కేటీ ఉంది, అంతే," అంది.

కేటీ అంటే తను చేసే పనంతా మరొకరికి నేర్పి అప్పజెప్పడం. ఆఫీసులో ఎవరికి కేటీ చెప్పమన్నా, మర్నాడు వాళ్ల కుర్చీ బల్ల మీదికెక్కుతుందని పిల్లికి కూడా తెలుసు. సరేసార్‌కి తెలియదా అంటే తెలుసు. కానీ ఢోకా లేదని మేడమ్ తన నోటితో చెప్పింది కదా. రోజూ నాలుగింటికి కాల్, పది రోజులు, నింపాల్సిన ఫారంలో ముప్పై తొమ్మిది గడులు.

"ఎవరికి చెప్పాలి మేడమ్?"

"కొత్తగా చేరారు. కెమెరా పెట్టరు. మీరు ఏమీ అనుకోకండి."

అతను ఎందుకనుకుంటాడు? సరే అన్నాడు.

తెర మీద కొత్తవారు ఒక బూడిదరంగు సున్నాలా కనిపించారు. పేరుండాల్సిన చోట ఏమీ లేదు. మొదటి రెండు రోజులూ ప్రశ్నలు టైపు చేశారు. బిల్లుల ప్రోగ్రామ్ ఆగిపోతే ఎలా లేపాలి, నెలాఖరున ఏయే నివేదికలు పంపాలి, ఇలాంటివి. మూడో రోజు ప్రశ్న మారింది.

'విసుగొస్తే ముందు ఏ చేత్తో నుదురు రుద్దుకుంటారు?'

సరేసార్ చదివి, లేచి వెళ్లి మేడమ్‌ని అడిగాడు. ఆవిడ నవ్వింది. "పూర్తి వివరాలు కావాలి కదా సార్. ప్రాసెస్." ఇంకేముంది, ప్రాసెస్ అనే మాట చెవిన పడ్డాక అతనికి వేరే మాట అక్కర్లేదు. వచ్చి కూర్చుని 'ఎడమ చేత్తో' అని టైపు చేశాడు. అడక్కపోయినా, తను తుమ్మితే వరసగా రెండు తుమ్ములొస్తాయని కూడా చేర్చాడు. మంచి పేరొస్తుందని ఆశ.

అయిదో రోజు నుంచి కొత్తవారు మాట్లాడటం మొదలుపెట్టారు. మొదట ఆ గొంతు ఆడదో మగదో తెలియలేదు. తడి గోడ మీద చెయ్యి రాసినట్టు ఉంది. భార్యని ఏమని పిలుస్తారు? మంచానికి ఏ పక్క పడుకుంటారు? అబద్ధం చెప్పేటప్పుడు ఎక్కడ చూస్తారు? ఒక్కో జవాబుకీ ఫారంలో ఒక్కో గడి ఆకుపచ్చగా మారేది. అతను చెబుతూనే పోయాడు. సిగ్గు పడాల్సినవి కూడా గొంతు తగ్గించి చెప్పాడు. కాల్ నడుస్తున్నంతసేపూ బోర్లించిన కుర్చీల మధ్య నుంచి తడిసిన తివాచీ వాసన వచ్చేది. నీళ్ల మిషన్ దానంతటదే గుటకలు వేసేది. ఎనిమిదో రోజుకల్లా ఆ గొంతు జలుబు చేసిన తన గొంతులా అనిపించింది. హెడ్‌ఫోన్లు పాడయ్యాయనుకుని తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం బస్టాపులో బక్కాయన కనిపించాడు. పన్నెండేళ్లు పక్క సీట్లో పనిచేసి కిందటి నెలలో ఉద్యోగం ఊడిన మనిషి. ఉద్యోగం పోవడం కూడా గజ్జిలా అంటుకుంటుందేమోనని సరేసార్ అతని ఫోన్లు ఎత్తడం మానేశాడు. ఇప్పుడు తప్పించుకునే దారి లేకపోయింది.

"ఇంకా ఇక్కడే ఉన్నావేంట్రా? ఇంటికెళ్లవా?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఇంట్లోనే ఉన్నాను కదరా," అన్నాడు బక్కాయన.

బస్సు వచ్చింది. బక్కాయన ఎక్కలేదు. ఇతను మెట్టు మీద కాలు పెట్టగానే చొక్కా పట్టుకుని చెవిలో గుసగుసగా అన్నాడు. "అన్నీ చెప్పెయ్యకు. ఒక్కటైనా దాచుకో."

పాపం, మతి పోయిందనుకున్నాడు సరేసార్. చొక్కా నలిగినందుకు దారంతా విసుక్కున్నాడు.

తొమ్మిదో రోజు ఆఖరి ప్రశ్న వచ్చింది.

"పాప గది తలుపు ఎలా తీయిస్తారు?"

అతని వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. చిట్టి సంగతి తను ఎక్కడా చెప్పలేదు. గదికి గొళ్లెం ఉందనీ చెప్పలేదు. పద్నాలుగేళ్లలో మొదటిసారి అతని నోట్లోంచి ఆ మాట ఊడిపడింది.

"అది... చెప్పను."

తర్వాత హెడ్‌ఫోన్లలో, రెండు చెవుల్లోనూ, జలుబు కూడా లేని అతని సొంత గొంతు ఎంతో వినయంగా పలికింది.

"సరే సార్."

పదో రోజు కాల్ లేదు. మేడమ్ పిలిచి ఫారం ముందు పెట్టింది. ముప్పై ఎనిమిది గడులు ఆకుపచ్చగా ఉన్నాయి. ముప్పై తొమ్మిదోది ఖాళీ.

"అది పర్లేదు సార్, దానంతటది నిండుతుంది. మీరు సంతకం పెట్టేసి త్వరగా ఇంటికెళ్లండి."

"నా ఉద్యోగం మేడమ్..."

"చెప్పాను కదా. మీ పేరు మీదే ఉంటుంది."

సంతకం పెట్టాడు. ఒక్క ప్రశ్న అడిగితే సొమ్మేం పోయేది? కానీ అడగలేదు. ఒక గడి దాచుకున్నానన్న గర్వం కూడా లోలోపల ఉంది. సంతకం కింద గీత గీసి, దాని కింద రెండు చుక్కలు కూడా పెట్టాడు.

కింద గేటు దగ్గర అతని కార్డుకి తలుపు తెరుచుకోలేదు. ముసలి గార్డు రిజిస్టర్ చూసి, అతని ముఖం చూసి, మళ్లీ రిజిస్టర్ చూశాడు.

"మీరు ఇందాకే వెళ్లారు కదా సార్?"

రిజిస్టర్‌లో నాలుగు గంటల అయిదు నిమిషాలకి తన సంతకం ఉంది. కింద గీత, గీత కింద రెండు చుక్కలు.

అప్పుడు భయం వేసింది. అప్పుడు గానీ వేయలేదు. గార్డు చేత తలుపు తీయించుకుని బస్టాపుకి పరిగెత్తాడు. బెంచీ మీద బక్కాయన కాస్త పక్కకి జరిగి చోటు ఇచ్చాడు. సరేసార్ కూర్చోలేదు. బస్సులో ఇంటికి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. నాలుగోసారి ఎత్తారు. అవతల వరసగా రెండు తుమ్ములు వినిపించాయి. ఫోన్ పెట్టేశారు.

అతను మెట్లెక్కేసరికి ఆరు కావస్తోంది. వాన పట్టడంతో వసారా అప్పుడే చీకటిగా ఉంది. తాళంచెవి దూర్చాడు. సగం కూడా వెళ్లలేదు. లోపలి వైపు నుంచి ఇంకో తాళంచెవి పెట్టి ఉంది.

తలుపుకి చెవి ఆనించాడు. లోపల ఎవరో కొడుతున్నారు. పడగ్గది తలుపు. వరసగా మూడు దెబ్బలు.

"అలా కాదు," అంది చిట్టి గొంతు, ఎక్కడో లోపల్నుంచి.

ఒకటి... తర్వాత రెండు.

"అలా కాదు. నువ్వు నాన్నవి కాదు."

"నేనే చిట్టీ. మర్చిపోయాను. తలుపు తియ్యమ్మా."

అతని గొంతు. అలసిపోయి ఇంటికొచ్చిన రోజు గొంతు. ఆ అలసట కూడా ఫారంలో ఉంది, ఇరవై రెండో గడి.

"చిట్టీ!" అని అరిచాడు సరేసార్ బయట నుంచి. "తియ్యకు! నేను బయట ఉన్నాను!"

"చిట్టీ!" అని అరిచింది లోపలి గొంతు, వెంటనే. "తియ్యకు! నేను బయట ఉన్నాను!"

వాన చప్పుడు. తలుపు కింది సందులోంచి తడి తివాచీ వాసన. వాళ్ల ఇంట్లో తివాచీ లేదు.

చిట్టి ఏడుస్తోంది. "ఇద్దరు మాట్లాడుతున్నారు... నాకు భయంగా ఉంది... నాన్న ఎవరైతే వాళ్లు కొట్టండి."

ఎవరైనా ఏదైనా అడిగితే ఇచ్చేయడం తప్ప అతనికి ఇంకేం తెలుసు? తను తండ్రినని చెప్పుకోవడానికి అతని దగ్గర ఇంకేం మిగిలింది? చెయ్యి దానంతటది లేచింది. వీధి తలుపు మీద రెండుసార్లు కొట్టాడు. ఒక ఊపిరి ఆగాడు. మళ్లీ ఒక్కసారి కొట్టాడు.

కొట్టాక అర్థమైంది.

లోపల ఏడుపు ఆగింది. "నాన్నా!" అంది చిట్టి. "ఇప్పుడు సరిగ్గా కొట్టావు... కానీ దూరంగా వినిపించింది. ఈ తలుపు మీద కొట్టు."

"వద్దు," అనబోయాడు. అన్నా ఏ గొంతని నమ్ముతుంది? చేతిలో ఫోన్ ఒక్కసారి అదిరింది. తెర మీద ఫారం తెరుచుకుని ఉంది. ముప్పై తొమ్మిదో గడి ఆకుపచ్చగా మారింది.

లోపల, పడగ్గది తలుపు మీద, వేలి కణుపుతో మెల్లగా... రెండుసార్లు.

ఒక ఊపిరి.

ఒక్కసారి.

గొళ్లెం తీసిన చప్పుడు వినిపించింది.