కుట్టు మీటరు చెప్పిన అంకె

"ఊపిరి బిగబట్టకండి, మామూలుగా పీల్చండి," అంది డాక్టర్ ప్రమీల. అలివేలు పొట్ట చుట్టూ కట్టిన తెల్లటి బెల్టు సన్నగా రొద పెట్టింది. ఎదురుగా స్క్రీన్ మీద పద్నాలుగు అంకెలు ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడ్డాయి. అలివేలు వాటిని ఒకసారి చదివింది, మళ్లీ చదివింది. ఆమె నుదురు ముడిపడింది.

ఆ బెల్టుకి దాన్ని తయారుచేసిన ప్రమీల పెట్టుకున్న పేరు స్కార్ స్కానర్. తణుకులో ఆ పేరు ఎవరి నోటా పలకదు, అందరూ కుట్టు మీటరనే అంటారు. మొదటి కాన్పుకి కడుపు కోయించుకున్న వాళ్లకి రెండో కాన్పు ఎలా చెయ్యాలన్నది ఎప్పటినుంచో ఉన్న చిక్కే. నొప్పులు పడితే పాత కుట్టు తట్టుకుంటుందా, విచ్చుకుంటుందా? కుట్టు మీటరు అల్ట్రాసౌండ్‌తో లోపలి మచ్చ మందం ఎంతో, అది ఎంత సాగుతుందో కొలుస్తుంది. తర్వాత నాలుగు లక్షల పాత కేస్ షీట్లతో పోల్చి చూసి, రాబోయే రెండు వారాల్లో ఏ రోజు నొప్పులొస్తే మామూలు కాన్పు సవ్యంగా అయ్యే అవకాశం నూటికి ఎంతో చెబుతుంది. అంకె అరవై దాటితే నొప్పులు పడనిస్తారు. దాటకపోతే ఆపరేషనే.

అలివేలుకి అరవై దాటాలి. ఐదేళ్ల కిందట వేరే ఆసుపత్రిలో ఆరు గంటలు నొప్పులు పడ్డాక, బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందంటూ హడావుడిగా థియేటర్లోకి తోశారు. తొమ్మిదీ నలభై రెండుకి పాప పుట్టింది. జాతకం రాయడానికొచ్చిన సిద్ధాంతి గారు "ఏరి పెట్టినట్టుందమ్మా లగ్నం" అన్నారు. పక్కనున్న అత్తగారు సుభద్రమ్మ ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వు అలివేలు మనసులో ముల్లులా దిగబడిపోయింది. నెల్లాళ్లు కుట్టు నొప్పికి కన్నబిడ్డని ఎత్తుకోలేకపోయినప్పుడల్లా ఆ నవ్వే గుర్తొచ్చేది. ముహూర్తం కోసమే తన కడుపు కోయించారని ఆమె నిశ్చయానికొచ్చేసింది. అప్పట్నుంచీ అత్తగారు మంచినీళ్లిచ్చినా గ్లాసు వంక ఒకసారి చూసి గానీ తాగదు. భర్త శేషు ఇద్దరి మధ్యా ఎటూ మాట తూలకుండా ఐదేళ్లు నెట్టుకొచ్చాడు, ఆ విద్యలో అతనికి సాటి లేదు.

"ఏంటండీ ఈ అంకెలు?" అంది అలివేలు. "మచ్చ అదే, మందం అదే. ఈ శుక్రవారం డెబ్బై తొమ్మిది. బుధవారం ముప్పై ఐదు. శనివారం డెబ్బై ఏడు. ఆ పై సోమవారం ముప్పై నాలుగు. పూటకో మాట చెబుతోందేంటి?"

"అదే దీని గొప్పతనం," అంది ప్రమీల మురిపెంగా. "నెల నెలా ఇలాగే పడుతూ లేస్తూ ఉంటుంది. గర్భాశయం మీద చంద్రుడి ప్రభావం ఉందని మెషిన్ తనంతట తానే కనిపెట్టింది. నేను దాని మీద పేపర్ కూడా రాశాను."

అలివేలు ఉద్యోగం ఏమిటో ఇక్కడ చెప్పాలి. ఊళ్లోనే ఒక ప్రెస్సులో గోడ క్యాలెండర్లకి ప్రూఫులు దిద్దుతుంది. ఏడాది పొడుగునా ఏ రోజు ఏ తిథో, వర్జ్యం ఎప్పుడో, రాహుకాలం ఎప్పుడో నిద్దట్లో లేపి అడిగినా చెబుతుంది. శుక్రవారం అమావాస్య. బుధవారం పంచమి. శనివారం అష్టమి. ముప్పై నాలుగు పడిన సోమవారం దశమి, పైగా అత్తగారు ఈ కాన్పుకి సిద్ధాంతి చేత ముహూర్తం పెట్టించింది సరిగ్గా ఆ రోజుకే.

"మా అత్తయ్య గారు మిమ్మల్ని కలిశారా?" అంది సూటిగా.

"మీ అత్తగారెవరో నాకు తెలీదు," అంది ప్రమీల చిరాగ్గా.

"పోనీ మీకు పంచాంగం చూడ్డం వచ్చా?"

"మాది నరసాపురంలో చర్చి పక్క ఇల్లు. మా ఇంట్లో పంచాంగం ఎందుకుంటుందమ్మా?"

"అందుకే మీకు కనపళ్లేదు. మంచి తిథి నాడు అంకె పడిపోతోంది, చెడ్డ తిథి నాడు లేస్తోంది. ఇది చంద్రుడి పని కాదండీ, మన జనం పని."

సంగతి ఇదీ. ముహూర్తం చూసుకుని ఆపరేషన్ చేయించుకునే వాళ్లు మనలో తక్కువేం కాదు. కానీ కేస్ షీట్లో ముహూర్తం అని రాయకూడదు, వైద్య కారణం ఉండాలి. అందుకని డాక్టర్లు 'కాన్పు ముందుకు సాగలేదు' అనో, 'బిడ్డ గుండె చప్పుడు తగ్గింది' అనో రాసేస్తారు. అమావాస్య నాడు బిడ్డని తియ్యమని ఎవరూ అడగరు కాబట్టి ఆ రోజు ఎవరి కాన్పు వాళ్లకి సుఖంగా అయిపోతుంది. పాపం మెషిన్‌కి ఈ గుట్టంతా ఏం తెలుసు? రాసిందల్లా నిజమనుకుని, దశమి నాడు కాన్పులు కష్టమవుతాయని నేర్చుకుంది. ప్రమీల కుర్చీలో కూలబడి, తను రాసిన పేపర్ని సొరుగులోకి తోసేసింది.

మూడు రోజుల్లో ఆమె మెషిన్‌ని సరిచేసింది. మంచి తిథుల్లో 'గుండె చప్పుడు తగ్గింది' అని ఎవరు రాసినా అనుమానించమంది, ఇంటివాళ్ల సాక్ష్యం అడగమంది. పదిహేడు వందల ఇళ్లకి ఫోన్లు చేయించింది. ఒక్కరంటే ఒక్కరు ఒప్పుకోలేదు. అందరి కోడళ్లకీ నిజంగానే సీరియస్ అయిందట.

"ఇక మిగిలింది మీరు," అంది ప్రమీల. "మీ పాత షీట్లో రాసింది నిజమైతే మీ అంకె నలభై ఒకటి. అబద్ధమైతే ఎనభై మూడు. అప్పటి డాక్టరు గారు పోయారు, గుండె చప్పుడు నమోదైన కాగితం వెలిసిపోయి తెల్లబడింది. ఆ రోజు దగ్గరున్న వాళ్లు చెప్పాల్సిందే."

దగ్గరున్నది సుభద్రమ్మ. ఆవిడ్ని పిలిపించి మెషిన్ మైకు ముందు కూర్చోబెట్టారు.

"అత్తయ్య గారూ, మీరు ముహూర్తం అడిగారా, లేదా?"

సుభద్రమ్మ కోడలి మొహం వంక చాలాసేపు చూసింది. చెంగు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. "అడిగానమ్మా. తొమ్మిదిన్నర దాటాక తియ్యమని నేనే అడిగాను."

స్క్రీన్ మీద నలభై ఒకటి చెరిగిపోయి ఎనభై మూడు వచ్చింది. ఐదేళ్ల అనుమానం నిజమైనందుకు అలివేలుకి ఒళ్లు మండింది, అంతకంటే ఎక్కువగా సంతోషం కలిగింది. మెషిన్‌కి దొరికిన ఒకే ఒక్క ఒప్పుకోలు అది. ముహూర్తం కేసు ఎలా ఉంటుందో అది ఆ ఒక్కదాన్ని చూసే నేర్చుకుంది.

నొప్పులు వేరే రోజే లేనట్టు ఆ దశమి సోమవారం తెల్లవారుజామున మొదలయ్యాయి. ఎనిమిదిన్నర దాకా అంతా సవ్యంగానే నడిచింది. అప్పుడు మానిటర్ చూసిన ప్రమీల మొహం మారింది.

"బిడ్డ గుండె చప్పుడు పడిపోతోంది, మళ్లీ లేవడం లేదు. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. సంతకం పెట్టండి."

అలివేలు అంత నొప్పిలోనూ నవ్వింది. "ముహూర్తం ఎన్నింటికండీ? తొమ్మిది దాటాకేగా? మీరూ వీళ్లతో కలిశారన్నమాట. నేను పెట్టను."

సుభద్రమ్మ మంచం దగ్గరికొచ్చింది. "ఆ రోజు మైకులో నేను చెప్పింది అబద్ధం, అలివేలూ. నేనెవర్నీ ముహూర్తం అడగలేదు. అప్పుడూ ఇలాగే నిజంగానే తగ్గింది."

"మరెందుకు ఒప్పుకున్నారు?"

"ఒప్పుకుంటే నీ అంకె పెరుగుద్దన్నారుగా. నీ ముచ్చట తీరుద్దనుకున్నా. కాదంటే మాత్రం నువ్వు నమ్ముతావా ఏంటి?"

ఏది నిజమో, ఏది అబద్ధమో అలివేలుకి తోచలేదు. లోపల బిడ్డ ఉంది, ఈవిడ మాట రెండు రకాలుగా ఉంది. గోడ గడియారం ఎనిమిదీ నలభై చూపిస్తోంది. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా, ఆ వరస ఆమె ఎన్నిసార్లు దిద్దిందో లెక్కే లేదు. అత్తగారు రాహుకాలంలో పాల ప్యాకెట్టుకి కూడా గడప దాటదు.

"తొమ్మిదింటి దాకా ఆగమంటారా?" అని అడిగింది, ఆవిడ కళ్లలోకే చూస్తూ.

"వద్దమ్మా, ఒక్క నిమిషం కూడా వద్దు. ఇప్పుడే తియ్యమను," అంది సుభద్రమ్మ.

అలివేలు సంతకం పెట్టేసింది. ఎనిమిదీ యాభై మూడుకి ఆడపిల్ల పుట్టింది. మెడ చుట్టూ బొడ్డుతాడు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. ఏడవడానికి కొంచెం టైమ్ తీసుకుంది గానీ తర్వాత వార్డంతా దద్దరిల్లేలా ఏడ్చింది. సుభద్రమ్మ కూడా ఏడ్చింది. అలివేలు ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆవిడిచ్చిన మంచినీళ్లు గ్లాసు వంక చూడకుండానే తాగింది.

మూడో రోజు ప్రమీల కేస్ షీట్ నమోదు చెయ్యడానికి ట్యాబ్ పట్టుకుని వచ్చింది. కారణం: బిడ్డ గుండె చప్పుడు తగ్గింది. మెషిన్ దశమి కదా అని సాక్ష్యం అడిగింది. సుభద్రమ్మ చెప్పింది. ఈ సాక్షి ఇంతకుముందు మాట మార్చింది కాబట్టి చెల్లదంది మెషిన్. అలివేలు చెప్పింది. ఇంటివాళ్లు నిజం ఒప్పుకోరని పదిహేడు వందల ఫోన్లలో తెలిసిందంది మెషిన్. ప్రమీల మానిటర్ రికార్డు చూపించింది. డాక్టర్లు ఇలాంటివి తమకి కావలసినట్టు చదువుకుంటారంది. చివరికి మెషినే రాసుకుంది: కుటుంబం కోరిక మీద ఆపరేషన్.

"అదేంటండీ, చచ్చి బతికాం కదా," అంది అలివేలు.

"అనుమానించమని చెప్పింది మనమే కదమ్మా," అంది ప్రమీల. "మళ్లీ సరిచెయ్యాలి. ఎంత కాలం పడుతుందో."

ఆవిడ వెళ్లాక అలివేలు పక్క మంచం వైపు తిరిగింది. అత్తిలి నుంచి వచ్చిన ఒకమ్మాయి పొట్టకి బెల్టు కట్టుకుని పడుకుని ఉంది. మొదటి కాన్పుకి గుండె చప్పుడు తగ్గిందని కోశారట. ఆమె స్క్రీన్ మీద ఎనభై నాలుగు వెలుగుతోంది. ఆ పిల్ల మొహం అంతకంటే వెలిగిపోతోంది.

"ఆ అంకెని పూర్తిగా నమ్మకమ్మా," అంది అలివేలు. "ఒక్కోసారి గుండె చప్పుడు నిజంగానే తగ్గుద్ది. మీవాళ్లు అబద్ధం చెప్పలేదేమో."

ఆ అమ్మాయి అలివేలు వంక చూసింది. ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని పాపకి గుడ్డ మారుస్తున్న సుభద్రమ్మ వంక చూసింది. నవ్వు పోయి నుదురు ముడిపడింది.

"ఇలా చెప్పమని మా అత్తగారు పంపించారా మిమ్మల్ని?" అంది.