ఆ నత్తి నటన కాదు

ఆ మనిషి నోరు నొక్కేసింది మీరే, సినిమా విమర్శకులారా! అప్పుడు తిట్టి ఒకసారి, ఇప్పుడు పొగిడి ఇంకోసారి.

యవ్వనంలో ఆయన ఒక హాస్యచిత్రంలో రక్తపిశాచి వేషం వేశాడు. "రక్తం కావాలి" అనాల్సిన చోట తెరమీద "లత్తం కావాలి" అని వినిపించింది. "నటన రాదు, నత్తి మాత్రం వచ్చు" అని మీరు పత్రికల్లో రాశారు. ఆ తర్వాత ఆయనకు ఒక్క వేషం దొరకలేదు. గోదాము కాపలాతో బతుకీడ్చాడు. ఇన్నేళ్ళకి ఆ పాత బొమ్మను బాగుచేసి మళ్ళీ ఆడిస్తున్నారు. ఇప్పుడదే కళాఖండమట!

ఈ ఉదయం కూతురు పత్రిక పట్టుకుని వంటింట్లోకి దూసుకొచ్చింది. ఆమె కూడా సినిమా విమర్శలు రాస్తుంది.

"నాన్నా, చూడు! 'ఆ నత్తి కావాలని చేసిన వెక్కిరింత. భయాన్నే నవ్వులపాలు చేసిన మేధావి' అని రాశాను. సాయంత్రం హాల్లో నిన్ను వేదిక ఎక్కిస్తారు. ఆ ఒక్క డైలాగు చెప్పు చాలు, ఈలలే ఈలలు!"

పళ్ళెంలో ఆయన చెయ్యి ఆగిపోయింది. "నేను రానమ్మా."

"అబ్బా, మొదలెట్టావా! అప్పుడు తిట్టారని అలిగావు. ఇప్పుడు నెత్తిన పెట్టుకుంటుంటే బెట్టా?"

"ఆయన్ని వదిలెయ్యవే" అంది తల్లి పొయ్యి దగ్గర్నుంచి.

"నువ్వూరుకోమ్మా. ఆట వేయిస్తున్న మా పత్రికవాళ్ళకి మాటిచ్చాను. నా పరువు పోతుంది."

"ఎవర్నడిగి ఇచ్చావే?" తల్లి గరిటె విసిరికొట్టింది. "పెట్టుడు కోరలు అమరలేదని మీ నాన్న పళ్ళు అక్కడికక్కడే ఆకురాయితో అరగదీశారు. చిగుళ్ళు చీలాయి, నాలుక తిరగలేదు. గడ్డం మీద కారింది రంగనుకున్నావా? ఆయన నెత్తురే! అందరూ పడీపడీ నవ్వారు. 'భలే ఉంది, ఇదే ఉంచండి' అన్నాడు ఆ దర్శకుడు."

కూతురి మొహం పాలిపోయింది. "నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

ఆయన కట్టుడుపళ్ళు సర్దుకున్నాడు. "చెబితే నువ్వూ నవ్వుతావేమోనని."

ఆమె ఆయన మోకాళ్ళ మీద తలపెట్టి భోరుమంది. ఆయన చెయ్యి ఆమె జుట్టు మీద వేశాడు. "నీ తప్పేముందే? నీకు తెలీదుగా."

"తెలీనప్పుడు రాయడమెందుకు?" అంది తల్లి. "ఏడుపు తర్వాత. ముందు లే."

కూతురు లేచింది. కళ్ళు కూడా తుడుచుకోకుండా ఫోనందుకుంది. "నాన్న రారు. ఆ డైలాగు అక్కడ ఎవ్వరూ అనకూడదు. నేను రాసింది తప్పు, రేపటి పత్రికలో ఒప్పుకుంటాను." అవతలివాళ్ళు ఏదో నసిగారు. "పోతే పోనివ్వండి నా ఉద్యోగం" అని పెట్టేసింది.

ఆమె తన వంతు చేసింది. ఇక మీరు కదలండి, విమర్శకులారా! ఆ గడ్డం మీద నెత్తురు ఎవరిదో బొమ్మకు ముందు తెరమీద రాయించండి. ఈ సాయంత్రం ఆటకే రాయించండి. అది చదివాక కూడా నవ్వొస్తే, నవ్వుకోండి.